‘ఆంధ్రసురత్రాణుడు’ చెప్పే సంగతి: జాతీయవాదం, తెలుగువారి చరిత్ర రచన

పద్నాలుగో శతాబ్దంలో ఓరుగల్లును ఏలిన ముసునూరి కాపయ నాయకుడి బిరుదుల్లో ‘ఆంధ్రసురత్రాణ’ ఒకటి. సురత్రాణ అన్నది సుల్తాన్ అనే మాటకు సంస్కృతం తొడిగిన రూపం. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లు కోటను పట్టుకుని కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీగా తీసుకుపోయాయి. సుమారు 1336 నాటికి ఆ సేనలను వెళ్ళగొట్టి కోటను తిరిగి వశపరచుకున్నవాడు ఈ కాపయ నాయకుడే. ఏ పాలకులను తరిమాడో వారి ప్రభువుకుండే బిరుదునే తన పేరు ముందు పెట్టుకోవడంలో ఆయనకు గానీ, ఆయన శాసనాలు రాసిన పండితులకు గానీ ఎబ్బెట్టు ఏమీ తోచలేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఆయన కథను మళ్ళీ రాసినప్పుడు కాపయ నాయకుడు పరాయి పాలన మీద జరిగిన స్వాతంత్ర్య సమరానికి సేనాని అయ్యాడు. బిరుదుల పట్టికలో సురత్రాణ శబ్దం అలాగే ఉన్నా, అది అడిగే ప్రశ్నను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. శాసనంలోని కాపయకూ పుస్తకంలోని కాపయకూ నడుమ ఉన్న ఆ ఎడం జాతీయవాదం చరిత్ర రచన మీద చేసే పనికి మంచి ఉదాహరణ.

జాతీయవాద చరిత్ర అనగానే అబద్ధాల పుట్ట అనుకునేవారున్నారు. తెలుగునాట జరిగింది అది కాదు. ఊరూరా తిరిగి, పొదల్లో పడివున్న రాళ్ళను కడిగి, ఒక్కొక్క అక్షరాన్ని కూడబలుక్కుని చదివి, సొంత డబ్బు ఖర్చుపెట్టి అచ్చువేసిన తరం అది. ఆ తరం పడ్డ శ్రమ లేకపోతే ఈ వ్యాసంలో చెప్పే విషయాల్లో సగం తెలిసే అవకాశమే లేదు. జాతీయ భావన ప్రభావం ఆధారాలను కల్పించడంలో కన్నా వాటిని ఒక కథగా కూర్చడంలో కనిపిస్తుంది. కథ ఎక్కడ మొదలవ్వాలి, అందులో ‘మనం’ ఎవరు, ఏ సంఘటనను ‘పతనం’ అనాలి, దేన్ని ‘విముక్తి’ అనాలి అన్న నిర్ణయాలు శాసనం చదవడానికి ముందే రచయిత మనసులో జరిగిపోతాయి.

ఆ నిర్ణయాలు ఎలాంటి కాలంలో జరిగాయో చూడాలి. 1901లో హైదరాబాదులో తెలుగు గ్రంథాలయం ఒకటి వెలిసినప్పుడు దానికి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అని పేరు పెట్టారు. 1904లో హనుమకొండలో వెలిసిన మరో గ్రంథాలయానికి రాజరాజనరేంద్రుడి పేరు వచ్చింది. రాజభాషగా ఉర్దూ నడుస్తున్న నిజాం రాజ్యంలో తెలుగువారు తమ ఉనికిని చాటుకోవడానికి రాజుల పేర్లను ఆసరా చేసుకున్నారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మొదలైనవారు తెలుగులో పుస్తకాలు ప్రచురించడానికి విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. చిలుకూరి వీరభద్రరావు రాసిన ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం 1910లో వచ్చింది. మూడేళ్ళకు, 1913లో, బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువారికి వేరే రాష్ట్రం కావాలన్న కోరికా, చరిత్ర కావాలన్న కోరికా కవలల్లా పెరిగాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో తమకు ఉద్యోగాల్లో, చదువుల్లో తగిన చోటు లేదని బాధపడుతున్న తెలుగు విద్యావంతులకు, ఒకప్పుడు తమవాళ్ళు దక్కనంతా ఏలారన్న మాట ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. బ్రిటిష్ పాలకుల చిన్నచూపుకు జవాబుగా పుట్టిన ఈ రచన, కాలాన్ని విభజించడంలో మాత్రం బ్రిటిష్‌వారి కొలబద్దనే వాడుకుంది. 1817లో బ్రిటిష్ రచయిత జేమ్స్ మిల్ తన గ్రంథంలో భారతదేశ చరిత్రను హిందూ యుగం, మహమ్మదీయ యుగం, బ్రిటిష్ యుగం అని మూడు ముక్కలు చేశాడు. మిల్ ఈ దేశానికి ఎన్నడూ రాలేదు. ఇక్కడి భాషలూ ఆయనకు రావు. ఆయన మొదటి రెండు యుగాలను పాలకుల మతాన్ని బట్టి నిర్ణయించి, మూడోదానికి మాత్రం క్రైస్తవ యుగమని పేరు పెట్టలేదు. ఈ విభజనను తప్పుపట్టవలసిన జాతీయవాదులు దాన్ని తలకిందులు చేసి వాడుకున్నారు. మిల్ అనాగరికమన్న మొదటి యుగం స్వర్ణయుగమైంది, రెండోది చీకటియుగమైంది, గీతలు మాత్రం చెరగలేదు. తెలుగులో చరిత్ర పరిశోధనకు బాట వేసిన కొమర్రాజు వంటి విశాల హృదయుడు రాసిన పుస్తకాలకు కూడా ‘హిందూ మహాయుగము’, ‘మహమ్మదీయ మహాయుగము’ అన్న పేర్లే వచ్చాయంటే ఆ గీతలు ఎంత లోతుగా పడ్డాయో తెలుస్తుంది.

కాపయ నాయకుడి కథలో ఆ గీతలు చేసిన పని ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కథకు ప్రధాన ఆధారాలు రెండు. మొదటిది కాపయకు ముందు నాయకుడైన ప్రోలయ నాయకుడు ఇచ్చిన విలస తామ్రశాసనం. దీన్ని చరిత్రకారులు నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖర శర్మ పరిష్కరించి ప్రకటించారు. ప్రతాపరుద్రుడు అస్తమించాక తురుష్కుల చీకటి లోకాన్ని కమ్మిందనీ, అగ్రహారాలు లాక్కున్నారనీ, గుళ్ళు పాడుచేశారనీ, పండించినవాడికి పంట మిగల్లేదనీ ఇది వర్ణిస్తుంది. రాసినవారికి కళ్ళముందు జరిగిన విధ్వంసం ఇది. అందులోని దుఃఖాన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. అదే సమయంలో ఇది ఒక దానశాసనం అన్న సంగతీ మరవరాదు. అగ్రహారం పొందుతున్న బ్రాహ్మణుడి తరఫున కవి రాసిన పద్యాలివి. దాత గొప్పతనం నిలవాలంటే అతడికి ముందున్న కాలం ఎంత చీకటిగా ఉంటే అంత మేలు. అగ్రహారాలు పోవడం ఆ చీకటిలో ముఖ్యమైన అంశంగా కనిపించడానికి కారణం కూడా అదే. అగ్రహారాలు లేని కులాలకు ఆ పదమూడేళ్ళూ ఎలా గడిచాయో చెప్పాలన్న అవసరం ఆ శాసనానికి లేదు.

రెండో ఆధారం 1423 నాటి కలువచేరు శాసనం. రాజమహేంద్రవర రెడ్డి రాజుల ఇంటి అనితల్లి వేయించిన ఈ శాసనం కాపయ నాయకుణ్ణి డెబ్బై అయిదుగురు నాయకులు కొలిచారని చెబుతుంది. తెలుగు నాయకులంతా కులభేదాలు మరచి ఒక్కటై పరదేశీయులను తరిమికొట్టారన్న కథకు ఈ డెబ్బై అయిదు అన్న అంకే ఆయువుపట్టు. సంఘటనకూ శాసనానికీ మధ్య దాదాపు 90 ఏళ్ళు గడిచాయి. శాసనం అన్నది ‘కొలిచారు’ అని. ‘సమాఖ్యగా ఏర్పడ్డారు’ అని కాదు. మల్లంపల్లి సోమశేఖర శర్మ ఈ కాలం మీద తన ఇంగ్లీషు గ్రంథాన్ని ప్రకటించింది 1945లో. క్విట్ ఇండియా వేడి ఇంకా చల్లారని ఆ రోజుల్లో, చెదిరిపోయిన ప్రజలు ఒక్కటై పరాయి పాలనను పారదోలడం అన్న కథనం ఎవరికైనా సహజంగానే తోచి ఉంటుంది. ఆయన పాండిత్యం మీద ఎవరికీ సందేహం లేదు. ఆయన ఒక్క శాసనాన్నీ వక్రీకరించలేదు. ‘స్వాతంత్ర్యం’ అన్న మాటను మాత్రం తన కాలం నుంచి ఆ కాలానికి పట్టుకెళ్ళారు, ఆ మాట వెంట దాని అర్థాలన్నీ వెళ్ళాయి.

ఆ అర్థాలకు ఒదగని సంగతులు కాపయ జీవితంలో చాలా ఉన్నాయి. ఢిల్లీ మీద తిరగబడిన దక్కను అమీర్లకు, అంటే అక్కడి సేనాధికారులకు, ఆయన తోడ్పడ్డాడు. వారి తిరుగుబాటు నుంచి 1347లో బహమనీ రాజ్యం పుట్టింది. తరువాత ఆ రాజ్యంతోనే పోరాడి కౌలాసు కోటను పోగొట్టుకున్నాడు. చివరికి రేచర్ల నాయకులతో, అంటే తెలుగు నాయకులతోనే, జరిగిన యుద్ధంలో ప్రాణం విడిచాడు. ఈ చివరి ఘట్టానికి వచ్చేసరికి జాతీయవాద చరిత్రకారులు ‘అనైక్యత’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. ఐకమత్యం లేక పోగొట్టుకున్నామన్న ఆ వివరణలో, రేచర్లవారూ ముసునూరివారూ తమను ఒకే జాతిగా భావించుకుని ఉండాలన్న ఊహ దాగి ఉంది. వాళ్ళు అలా భావించుకున్నారనడానికి ఆధారం లేదు. కాకతీయ సామ్రాజ్యం కూలాక తలా ఒక సీమను పట్టుకుని రాజులు కావాలనుకున్న యోధుల కథ ఇది. అందులో ద్రోహమూ లేదు, జాతి వైఫల్యమూ లేదు.

అయితే తెలుగు అన్న భావనే ఆధునికుల కల్పన అని అటు చివరకు పరుగెత్తడం కూడా అంతే తప్పు. తొలి కాకతీయులు కళ్యాణి చాళుక్యుల సామంతులుగా ఉన్నంత కాలం వారి శాసనాల్లో కన్నడం కనిపిస్తుంది. రుద్రదేవుడు 1163లో స్వతంత్రుడయ్యాక ఆ రాజ్య శాసనాల్లో తెలుగు క్రమంగా పైచేయి సాధించింది. భాషకూ రాజ్యానికీ ముడి పడుతున్న జాడ అప్పుడే ఉంది. కాకపోతే అది ప్రజలందరినీ ఒక జాతిగా కట్టే ముడి కాదు. రాజు ఏ సీమకు ప్రభువో చెప్పే గుర్తుగానే భాష పనిచేసింది.

ఇదే చిక్కు శ్రీకృష్ణదేవరాయల విషయంలో మరింత ముదిరింది. ‘దేశభాషలందు తెలుగు లెస్స’ అన్న పద్యపాదాన్ని రాయలు అన్న మాటగా తెలుగువాళ్ళంతా తలచుకుంటారు. ఈ పాదం రాయల కన్నా ముందే ‘క్రీడాభిరామం’ అనే రచనలో ఉంది. ‘ఆముక్తమాల్యద’లో ఆ మాట అంటున్నది కూడా రాయలు కాదు, కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో కలలో కనిపించిన ఆంధ్రమహావిష్ణువు. ఆ ఘట్టంలోనే దేవుడు తాను తెలుగు రాయణ్ణని చెప్పుకుంటూ, ఎదురుగా ఉన్న రాజును ‘కన్నడరాయ’ అని పిలుస్తాడు. సభల్లో, పాఠ్యపుస్తకాల్లో, విగ్రహాల కింద చెక్కిన ఫలకాల మీద మొదటి పద్యం వందల సార్లు కనిపిస్తుంది. రెండోది సాహిత్య విద్యార్థులను దాటి బయటికి రాలేదు. కన్నడ దేశానికి రాజై, తుళువ వంశంలో పుట్టి, తెలుగులో కావ్యం రాసి, తమిళ భక్తురాలు ఆండాళ్ కథను ఎంచుకున్న మనిషి ఆయన. రాయలు ఎవరివాడు అన్న ప్రశ్న ఆ కాలంలో ఎవరైనా అడిగి ఉంటే ఆయనకు అర్థమయ్యేదే కాదేమో.

ఇరవయ్యో శతాబ్దంలో మాత్రం అది పెద్ద తగవైంది. విజయనగర స్థాపకులైన హరిహర బుక్కరాయలు ఓరుగల్లు నుంచి వచ్చిన తెలుగువారని నేలటూరి వెంకటరమణయ్య వాదించారు. హొయసల రాజ్యంతో వారికున్న సంబంధాన్ని ముందుకు తెచ్చి హెన్రీ హెరాస్, కర్ణాటక చరిత్రకారులు ఎదురు వాదించారు. రెండు పక్షాలూ శాసనాలతోనే వాదించాయి. ఆ రోజుల్లోనే ఆంధ్ర రాష్ట్రం, కర్ణాటక ఏకీకరణ అన్న రెండు ఉద్యమాలు నడుస్తున్నాయి. విజయనగర రాజధాని హంపి అప్పట్లో బళ్ళారి జిల్లాలో ఉండేది. బళ్ళారి ఎవరికి చెందాలన్నది రెండు ఉద్యమాలకూ పట్టుదల అయిన విషయం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరుకు వెళ్ళింది. ఆరువందల ఏళ్ళ కిందటి ఇద్దరు అన్నదమ్ముల మాతృభాష మీద అంత వేడిగా చర్చ ఎందుకు జరిగిందో ఈ సందర్భం తెలిస్తేనే బోధపడుతుంది.

భాషా జాతీయవాదాలు రెండూ ఇలా పోట్లాడుకుంటున్నా, ఇంకో విషయంలో ఇద్దరికీ ఏకాభిప్రాయం ఉండేది: విజయనగరం దక్షిణాన హిందూ ధర్మానికి కట్టిన కోటగోడ అని. ఈ మాట బాగా వ్యాపించింది. బ్రిటిష్ చరిత్రకారుడు రాబర్ట్ సువెల్ విజయనగరం మీద 1900లో ప్రకటించిన గ్రంథంలో ఈ ఊహకు గట్టి పునాది పడింది. జాతీయవాదులు దాన్ని అందిపుచ్చుకున్నారు. ఈ ఊహకు ఒదగని సంగతులూ ఉన్నాయి. కృష్ణదేవరాయలు బహమనీ సుల్తానును తిరిగి గద్దె మీద నిలిపి ‘యవనరాజ్య స్థాపనాచార్య’ (ముస్లిం రాజ్యాన్ని నిలిపినవాడు) అన్న బిరుదును గర్వంగా ధరించాడు. రెండో దేవరాయల కాలంలో, 1439లో, అహమ్మద్ ఖాన్ అనే సేనాధికారి హంపిలో రాజు పుణ్యం కోసమని ఒక మసీదు కట్టించి, శాసనంలో దాన్ని ధర్మశాల అని పేర్కొన్నాడు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా గద్దెకు రాకముందు ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నాడు. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడు అని పిలుచుకుని కావ్యాలు అంకితమిచ్చారు. 1565లో విజయనగరాన్ని నడుపుతున్న రామరాయల మీదికి తళ్ళికోట యుద్ధానికి వెళ్ళిన దక్కను సుల్తానుల కూటమిలో ఈ ఇబ్రహీం కూడా ఉన్నాడు. ఆ యుద్ధాన్ని రెండు మతాల తుది సమరంగా చెప్పడానికి ఈ వివరాలు అడ్డం. అధికారం కోసం, కోటల కోసం, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు అంతర్వేది పొలాల కోసం తరతరాలుగా సాగిన పోటీగా చెబితే ఇవన్నీ ఒక్కొక్కటిగా తమ చోట్లో ఒదిగిపోతాయి. యుద్ధం తరువాత హంపి పాడైన తీరులోని క్రూరత్వం ఏ వివరణతోనూ తగ్గదు, తగ్గించకూడదు.

శాతవాహనుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పురాణాలు వారిని ఆంధ్రులన్నాయి. వారి పేరు మోసిన తొలి శాసనాలు మహారాష్ట్రలోని నానాఘాట్, నాసిక్‌లలో ఉన్నాయి, వారు వాడింది ప్రాకృతం. అందుచేత మరాఠీవారూ తెలుగువారూ ఇద్దరూ వారిని తమవారన్నారు. కరీంనగర్ ప్రాంతంలోని కోటిలింగాలలో తొలి శాతవాహన రాజు నాణేలు దొరికాక, ఇదే వాదం తెలుగువారి లోపలే కోస్తాకూ తెలంగాణకూ మధ్య కొత్త రూపం ఎత్తింది. ‘మనం’ అన్న వలయం కుదించుకున్నప్పుడల్లా రాజులు మళ్ళీ పంపకానికి వస్తారన్నది ఇందులో గమనించాల్సిన విషయం.

వేరే దారిలో నడిచినవాడు సురవరం ప్రతాపరెడ్డి. 1949లో వచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పేరులో జాతి ఉంది కానీ లోపల రాజులు తక్కువ. జనం ఏం తిన్నారు, ఏ ఆటలాడారు, ఏ బట్టలు కట్టారు, సంతలో ఏం అమ్మారు, ఏ దేవతకు ఎలా మొక్కారు అన్న విషయాలను కావ్యాల్లోంచి, సామెతల్లోంచి, శాసనాల్లోంచి ఏరి కూర్చాడు. గోల్కొండ పత్రికను నడుపుతూ, తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో గోల్కొండ కవుల సంచికతో బదులిచ్చిన మనిషి ఆయన. జాత్యభిమానం ఆయనలో లేకపోలేదు. ఆ అభిమానమే ఆయన్ను కోటల వైపు కాక వంటిళ్ళ వైపు నడిపించింది. జాతీయ భావన మంచి చరిత్రకు ఎప్పుడూ శత్రువే అని తేల్చేయడానికి ఈ ఒక్క పుస్తకం అడ్డు నిలుస్తుంది. 1955లో తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దీనికే దక్కింది.

గడిచిన శతాబ్దంలోని ఒక్క తేదీ మీద ఇదంతా ఎలా పనిచేస్తుందో సెప్టెంబర్ 17 చూపిస్తుంది. 1948లో ఆ రోజున భారత సైన్యం ముందు నిజాం ప్రభుత్వం లొంగిపోయింది. కొందరికి అది విమోచన దినం, కొందరికి విలీన దినం, ఇంకొందరికి విద్రోహ దినం. 2022లో కేంద్రం దాన్ని హైదరాబాద్ విమోచన దినంగా జరిపితే, అదే నగరంలో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా జరిపింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ప్రజా పాలన దినోత్సవంగా జరిపింది. ఒక్కొక్క పేరు ఒక్కొక్క గాయాన్ని ముందుకు తెచ్చి మరొక గాయాన్ని కప్పుతుంది. రజాకార్లు భైరాన్‌పల్లిలో చేసిన హత్యాకాండను విమోచన కథ మరవనివ్వదు, మరవకూడదు కూడా. సైనిక చర్య సమయంలోనూ ఆ తరువాతా మరాఠ్వాడాలో, ఇతర జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యల గురించి ఆ కథ మాట్లాడదు. నెహ్రూ ప్రభుత్వమే పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఆ మృతుల సంఖ్యను 27,000 నుంచి 40,000 దాకా అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ఇక దొరల గడీల మీద 1946లో మొదలై, సైన్యం వచ్చాక కూడా 1951 దాకా సాగిన రైతుల సాయుధ పోరాటం, సెప్టెంబర్ 17న అంతా ముగిసిందనే ఏ కథలోనూ ఇమడదు. చరిత్రకారుడు ఈ మూడు గాయాలనూ ఒకే పుటలో పెట్టగలగాలి. ఒక పక్షాన్ని సమర్థిస్తున్నావని మరో పక్షం అంటుందన్న భయంతో ఆ పని ఇంకా తగినంతగా జరగలేదు.

కాపయ నాయకుడి నగరానికే తిరిగి వద్దాం. ఇప్పటి తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో కాకతీయ తోరణమూ చార్మినారూ కలిసి ఉన్నాయి. ఓరుగల్లు కోటలో ఆ తోరణాల నడుమ స్వయంభూ దేవాలయ శిథిలాలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. కొద్ది దూరంలో ఏటవాలు గోడలతో, లోపల ఎత్తయిన కమానులతో ఖుష్ మహల్ నిలబడి ఉంది. అది తుగ్లక్ కాలపు కట్టడ రీతి. స్థానికులు మాత్రం దాన్ని షితాబ్ ఖాన్ మహల్ అంటారు. షితాబ్ ఖాన్ అసలు పేరు సీతాపతి. బహమనీల కొలువులో ఎదిగి ఆ బిరుదు సంపాదించుకున్న తెలుగు యోధుడు ఆయన. 1504 నాటి శాసనంలో ఆయన ఓరుగల్లును జయించినట్టూ, తురుష్కులు తొలగించిన దేవతామూర్తిని తిరిగి నిలిపినట్టూ ఉంది. దేవతను తిరిగి ప్రతిష్ఠించాక కూడా ఆయన ఖాన్ అన్న బిరుదును వదులుకోలేదు. ఊరి జనం ఐదు వందల ఏళ్ళుగా ఆయన్ను ఆ పేరుతోనే తలచుకుంటున్నారు. హిందూ మహాయుగం, మహమ్మదీయ మహాయుగం అని రెండు అధ్యాయాలుగా కట్టిన పుస్తకంలో షితాబ్ ఖాన్‌ను ఏ అధ్యాయంలో చేర్చాలో ఇప్పటికీ తేలలేదు.